విద్యుత్తును వంతులు వేసుకొనుట
(రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



గ్రంథాలయమున ఒక మంచి గ్రంథము ఒక్క ప్రతియే ఉండును. దానిని కోరు పాఠకులు పదిమంది ఉందురు. అందుకై పది ప్రతులు కొనవలెనని ఏ గ్రంథపాలకుడును తలపడు. చిట్టాలో పేర్లు వ్రాసి, ఒకరి తరువాత ఒకరికి ఇచ్చును. పుస్తకము ఒక్కటియే, చదువు మాత్రము పదిమందికిని అబ్బును. ఈ చిన్న ఏర్పాటు విద్యుత్తు విషయమున ఎట్లు ఉపకరించునో విచారించుటయే ఈ ప్రసంగోద్దేశము.

కంభము ప్రజలకు వంతు అనునది కొత్త మాట కాదు. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన కంభము చెరువు విజయనగర కాలము నాటిది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవేరి అయిన వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది. ఇట్టి చెరువుల క్రింద నీరు తక్కువైనప్పుడు అందరును ఒక్కసారి మడవలు తీసినచో కాలువ మొదట ఉన్నవాని పొలము మునుగును. చివరివానికి చుక్క చేరదు. అందుచేతనే పెద్దలు నీరుగంటిని నియమించి, వంతుల కట్టుబాటు చేసిరి.

విద్యుత్తు తీగయు ఒక కాలువ వంటిదే. ఉపకేంద్రమునుండి 11 కె.వి. లైను పొలములకు వచ్చును. అచ్చట ట్రాన్స్‌ఫార్మరు దానిని మోటారుకు తగిన వోల్టేజికి తగ్గించును. రాష్ట్రమున విద్యుత్తు ఎంత సమృద్ధిగా ఉత్పత్తియైనను, ఆ ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినంతయే ఆ పొలములకు అందును. అనగా కొరత ఉత్పత్తిలో లేకున్నను, దారిలో ఇరుకు ఉండవచ్చును. ఆ ఇరుకు కూడ దినమంతయు ఉండదు. అందరును ఒక్కసారి కోరు వేళనే ఉండును.

లెక్క చూచిన విషయము తెల్లమగును. 5 హెచ్.పి. మోటారు ఒకటి ఇంచుమించు 6 కె.వి.ఏ. భారము వేయును. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు అట్టివి నాలుగింటిని మోయును. దానికి ఆరు మోటార్లు తగిలించినచో ఏమగును? వోల్టేజి పడిపోవును. వోల్టేజి తగ్గిన కొలది మోటారు అధికమైన కరెంటును లాగి వేడెక్కును. తీగలో కరెంటు రెట్టింపైన, వృథా అగు శక్తి నాలుగు రెట్లగును. పైగా మోటారు బయలుదేరు క్షణమున నడకలో కంటె అయిదారు రెట్లు కరెంటు కావలెను. ఆటోస్టార్టర్లు ఉన్నచోట, పోయిన కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్క పెట్టున లేచును. ఫ్యూజులు పోవుట, వైండింగు కాలుట, ట్రాన్స్‌ఫార్మరు చెడుట ఇందువలననే. చెరువు ఆయకట్టు దాటినంతనే బోరుబావియే దిక్కైన కంభము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ట్రాన్స్‌ఫార్మరు నాలుగు దినములు లేకున్న బత్తాయి తోట వాడును. రైతు అప్పు పెరుగును.

దీనికి వంతు ఎట్లు వేయవచ్చును? ఆరుగురు రైతులు ఇద్దరిద్దరు చొప్పున మూడు జతలు కావలెను. తొమ్మిది గంటల సరఫరాలో మూడేసి గంటలకు ఒక్కొక్క జత విరామము పాటింపవలెను. అప్పుడు ఏ వేళనైనను నాలుగు మోటార్లే నడచును. ప్రతి రైతునకును ఆరు గంటల నీరు నికరముగా దొరకును. తొమ్మిది గంటలు పేరునకుండి, మోటారు కాలి కూర్చుండుట కంటె ఇది మేలు కదా! కెపాసిటరు అమర్చి పవర్ ఫ్యాక్టరును 0.75 నుండి 0.95కు పెంచినచో తీగలో కరెంటు అయిదవ వంతు తగ్గును. ఆ మేరకు దారి వెడల్పైనట్లే.

2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైన పిమ్మట కెపాసిటర్లు, ఐ.ఎస్.ఐ. ముద్రగల పంపుసెట్లు, నీటి ఒరిపిడి తగ్గించు గొట్టములు, ఫుట్‌వాల్వులు అమర్చుకొనవలెనని ప్రభుత్వము నిర్దేశించినది. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా వచ్చినప్పుడు, ఆటోస్టార్టర్లను తొలగించుకొనుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చెను. కరెంటు గంటలు పెరిగినంత మాత్రమున కట్టుబాటు అవసరము తీరదని దీనివలన తెలియుచున్నది.

చెరువు నీటివలె విద్యుత్తును ఊరక నిలువచేయుట కష్టమనియు, బ్యాటరీలు ఖరీదైనవనియు కొందరందురు. నిజమే. కాని విద్యుత్తు చేసిన పనిని నిలువచేయవచ్చును. మధ్యాహ్నము తోడిన నీరు తొట్టిలో సాయంకాలమునకు నిలుచును. పగలు విసరిన పిండి రాత్రికి పాడుకాదు. న్యూజిలాండు దేశమున ఇండ్లలో నీరు కాచు యంత్రములను రద్దీ వేళ తీగ ద్వారమున సంకేతము పంపి కొంతసేపు ఆపు పద్ధతి అనేక దశాబ్దములుగా ఉన్నది. స్నానమునకు వేడినీరు తగ్గదు. తీగమీది భారము తగ్గును. దీపము, ఆసుపత్రి యంత్రము ఆగరాదు. పంపు, పిండిమర, పలకల కార్ఖానాలోని కోతయంత్రము కొంత ఆగగలవు. ఆగగల పనిని గుర్తించుటయే ఈ విద్యలోని కీలకము.

ఇప్పుడు సూర్యరశ్మి విద్యుత్తు పగటివేళ విస్తారముగా వచ్చుచున్నది. సాయంకాలము దీపాలవేళ కోరిక పెరుగును. అందుచేతనే కేంద్ర ప్రభుత్వము 2023లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములను సవరించి, ఎండవేళ ధర తగ్గించి రద్దీ వేళ ధర పెంచు పద్ధతిని నిర్దేశించినది. వ్యవసాయమును అందునుండి మినహాయించిరి. రైతునకు ధర శిక్ష లేదు గనుక, వంతును నిలుపవలసినది పరస్పర విశ్వాసమే. పగటి సరఫరా వలన మరియొక మేలున్నది: అర్ధరాత్రి చీకటిలో, పాములు తిరుగు తడి గట్లమీద, స్టార్టరు కొరకు తడుముకొనవలసిన దురవస్థ తప్పును.

అయితే వంతు ఎవరిది ముందు? ఎవరు త్యాగము చేయవలెను? బలవంతుడు తన మీటను నొక్కి, బలహీనుని ఆపుమనినచో అది వంతు కాదు, దౌర్జన్యము. లైను చివర ఉన్న చిన్న రైతు సమ్మతి లేని కట్టుబాటు నిలువదు. త్రాగునీటి పంపునకు అన్నిటికంటె ముందు స్థానమీయవలెను. వంతులు నెలనెల మారవలెను. ఇంకొక మాట: నిజముగా భారము పెరిగినచోట పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేయుట విద్యుత్ సంస్థ విధి. ప్రజల ఓర్పు ఆ విధిని తప్పించుకొనుటకు సాకు కారాదు.

ఇట్టి కట్టుబాటు సాధ్యమా యను సందేహమునకు ప్రకాశము జిల్లాయే సమాధానము. 2003 మొదలు కొన్ని సంవత్సరములు రాష్ట్రమున ఏడు జిల్లాలలో రైతుల భూగర్భజల యాజమాన్య పథకము నడచినది. వానిలో ప్రకాశము ఒకటి. రైతులు తామే వాన కొలిచిరి, బావులలో నీటిమట్టము కొలిచిరి. ఉన్న నీటిని లెక్కగట్టి, సభచేసి, ఏ పైరు వేయవలెనో విచారించుకొనిరి. పైరును నిర్ణయించుకొనుడని వారికెవరును ఆజ్ఞ యీయలేదు. లెక్క కన్నులయెదుట ఉన్నది.

కరెంటునకును అట్టి లెక్క కావలెను. ఏ ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యమెంత, దానిక్రింద మోటార్లెన్ని, ఏ నెల ఎవరి విరామమెప్పుడు అను పట్టికను అందరును చదువుకొనునట్లు పఠన మందిరపు గోడకు తగిలించుట గ్రంథాలయమునకు తగిన పని. పుస్తకముల చిట్టా ప్రక్కనే ఆ పట్టికయు వెలసినచో, రజతోత్సవము చేసికొనుచున్న ఈ సంస్థ ఊరికి మరియొక ఉపకారము చేసినదగును.