నోరు కడగడం ఎవరి పని?

(ఆస్పత్రుల్లో స్త్రీల శ్రమ గురించి జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించి ఇక్కడ చాలా పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. ప్రసూతి వార్డుల్లో తిట్లు, అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు, కాంట్రాక్టు నర్సుల జీతాలు. నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి ఇదీ ఒక విషయమేనా అనిపించొచ్చు. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో మంచం పట్టిన మనిషికి నోరు ఎవరు కడుగుతున్నారు? ఇదే నా ప్రశ్న.

పాచినోరు అనే మాటకి మన ఇళ్ళల్లో ఎంత పట్టింపు ఉందో మీకు తెలుసు. పాచినోటితో మంచినీళ్ళు కూడా ముట్టని వాళ్ళున్నారు. పళ్ళు తోముకోకుండా కాఫీ తాగిన కోడలి గురించి వీధంతా చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పెద్దావిడ, అరవై ఏళ్ళుగా తెల్లారకముందే వేపపుల్లతోనో కచ్చికతోనో పళ్ళు తోముకున్న మనిషి, ఆస్పత్రిలో చేరాక పది రోజులు పాచినోటితోనే ఉండిపోతుంది. ఒళ్ళు తుడుస్తారు. దుప్పటి మారుస్తారు. మూత్రం గొట్టం చూస్తారు. నోరు తెరిచి చూసేవాళ్ళుండరు.

పక్షవాతం అంటే కాలూ చెయ్యీ పడిపోవడమనే అనుకుంటాం. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా, దెబ్బతిన్న చోటునిబట్టి ముఖం, నాలుక, గొంతు కూడా పట్టు తప్పుతాయి. తొలి రోజుల్లో దాదాపు సగంమందికి మింగడం కష్టమవుతుంది. చచ్చుబడిన వైపు బుగ్గలో స్పర్శ తెలియదు. పొద్దున పెట్టిన ఇడ్లీ ముక్క సాయంత్రం దాకా ఆ బుగ్గలోనే ఉండిపోవచ్చు. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళు బ్రష్షు పట్టుకోలేరు. నోటితో ఊపిరి తీసేవాళ్ళకి నాలుక ఎండిపోయి అట్ట కడుతుంది. వాడే మందుల్లో కొన్నిటివల్ల లాలాజలం తగ్గుతుంది.

ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోస్తున్నారు, నోటితో ఏమీ తినడం లేదు, ఇంక కడగడం దేనికి అని అడిగేవాళ్ళు చాలామంది. చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. నిజానికి గొట్టం ఉన్నవాళ్ళకే ఎక్కువ అవసరం. నమిలేటప్పుడు, మింగేటప్పుడు ఊరే లాలాజలమే నోటిని ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తుంటుంది. ఆ పని ఆగిపోయాక నోట్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మామూలు మనిషికి ఉమ్మి అడ్డం పడితే పొలమారుతుంది, దగ్గు వస్తుంది. గొంతులో స్పర్శ పోయినవాళ్ళలో కొందరికి పొలమారదు కూడా. చప్పుడు లేకుండా అది ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. తర్వాత జ్వరం, ఆయాసం, న్యుమోనియా. పక్షవాతం వచ్చినవాళ్ళ మరణాలకి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఇంట్లోవాళ్ళు మాత్రం పక్షవాతంతో పోయిందనే చెప్పుకుంటారు.

ఇది నా ఊహ కాదు. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో యోనేయామా బృందం రెండేళ్ళపాటు చూసి 2002లో ఫలితాలు ప్రచురించింది. ప్రతి భోజనం తర్వాత సిబ్బంది నోరు శుభ్రం చేసినవాళ్ళలో న్యుమోనియా వచ్చింది 11 శాతానికి. అలా చెయ్యనివాళ్ళలో 19 శాతానికి. అది వృద్ధాశ్రమం, మనం మాట్లాడుతున్నది ఆస్పత్రి వార్డు, రెండూ ఒకటి కాదు నిజమే. కానీ ఆ తేడా తెచ్చింది ఖరీదైన మందు కాదని గమనించండి. బ్రష్షు, కాసిని నీళ్ళు, అది చెయ్యడానికి ఒక మనిషి. మన వార్డుల్లో బ్రష్షూ నీళ్ళూ దొరుకుతాయి. ఆ మనిషి ఎవరన్న దగ్గరే చిక్కు.

ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి వార్డులో నేను కొన్నాళ్ళు కూర్చుని చూశాను. ఊరూ పేరూ చెప్పను, ఏ ఆస్పత్రయినా ఒకటే. డాక్టర్నడిగితే నర్సులు చూసుకుంటారన్నాడు. నర్సునడిగితే, "నేనొక్కదాన్నే, ఇంజక్షన్లు ఇయ్యనా, ఇదంతా రాయనా, నోళ్ళు కడగనా?" అంది. ఆమె కోపంలో అబద్ధం లేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఇక్కడున్న నర్సు మిత్రులు రాత్రి డ్యూటీలో ఎంతమందిని చూస్తున్నారో చెయ్యెత్తి చెప్పమంటే మనకి బాగానే అర్థమవుతుంది. ఆయమ్మనడిగితే ఆమె పని జాబితాలో అది లేదు. దంతవైద్యులు వేరే భవనంలో ఉంటారు, పిలిస్తేగాని రారు. పిలవాలని ఎవరికీ తట్టదు.

చివరికి ఆ పని మంచం పక్కన కింద చాప పరుచుకున్న ఆడమనిషిది అవుతుంది. భార్య, కూతురు, కోడలు. ఆమెకి ఎవరూ నేర్పలేదు. పక్క మంచం ఆవిడ వేలికి గుడ్డ చుట్టి తుడవమంటుంది, ఈమె అలాగే తుడుస్తుంది. ఒకామె వేలు కొరుకుడుపడి వాచిపోయింది. కావాలని కొరకలేదు, మెదడు దెబ్బతిన్నప్పుడు పళ్ళ మధ్య ఏది పెట్టినా దవడ బిగుసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. "నలభై ఏళ్ళు ఈ నోటితోనే నన్ను తిట్టాడమ్మా, ఇప్పుడీ నోరే కడుగుతున్నా" అని నవ్వింది. మళ్ళీ గుడ్డ తడిపి మొదలుపెట్టింది. సేవ, పాతివ్రత్యం, ఆడవాళ్ళ సహజగుణం అంటూ మనవాళ్ళు ఉపన్యాసాలిచ్చేది ఈ పని గురించే.

మంచం మీద ఉన్నది ఆడమనిషి అయితే పరిస్థితి ఇంకో రకం. భర్త పగలు వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు. చాలాచోట్ల స్త్రీల వార్డులో రాత్రిపూట మగవాళ్ళని ఉండనివ్వరు. కూతురు అత్తగారింటినించి రావాలి. వస్తే రెండు రోజులకి ఫోన్లు మొదలవుతాయి, ఎప్పుడొస్తున్నావని. పైగా పక్షవాతం ఆడవాళ్ళకి సగటున మగవాళ్ళకంటే పెద్ద వయసులో వస్తుంది. అప్పటికే చాలామంది వితంతువులు. పళ్ళు ఊడినా కట్టించుకోని వాళ్ళు. ఈ వయసులో నాకెందుకులే అనడం వాళ్ళకి అలవాటు చేశాం. కట్టుడు పళ్ళున్న ఒకామెకి చేర్చుకునేటప్పుడు అవి తీసి కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆ కాగితం చెత్తలో కలిసిపోయింది. తర్వాత ఆమె జావ తప్ప ఏమీ తినలేకపోయింది. మాట వస్తున్నా పళ్ళు లేక స్పష్టంగా పలకదు, అందరూ జబ్బువల్ల అనుకున్నారు.

ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళ సంగతి మీకు తెలుసు. చుట్ట కాలే వైపు నోట్లో పెట్టుకుంటారు. అంగిలి తెల్లబడి పుండ్లు పడుతుంది, కొందరిలో క్యాన్సర్‌కి దారి తీస్తుంది. పొగాకు పక్షవాతానికీ ఒక కారణం. అంటే ఆస్పత్రి మంచం మీద ఉన్న అలాంటి మనిషి నోరు ఒక్కసారి టార్చి వేసి చూస్తే రెండో ప్రమాదం ముందే తెలిసే అవకాశం ఉంది. అదీ జరగదు.

ఇక జీవన నాణ్యత అనే మాట. మా సామాజిక శాస్త్రాల్లో ఈ మధ్య దీనికి మంచి గిరాకీ ఉంది. నోటి ఆరోగ్యం జీవితాన్ని ఎలా తాకుతుందో కొలవడానికి ఆస్ట్రేలియాలో స్లేడ్, స్పెన్సర్ 1994లో 49 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. 1997లో స్లేడ్ దాన్ని 14 ప్రశ్నలకి కుదించాడు. మాట పలకడం కష్టంగా ఉందా, రుచి తగ్గిందా, నొప్పి ఉందా, నలుగురిలో సిగ్గుగా అనిపించిందా, ఇలాంటి ప్రశ్నలు. హాంకాంగ్‌లో పక్షవాత రోగుల మీద ఇటువంటి అధ్యయనాలు జరిగాయి. మంచి పనే. నొప్పీ సిగ్గూ కూడా లెక్కలోకి రావాలని అడిగిన పట్టిక అది, దాన్ని కొట్టిపారెయ్యను.

కాని మాట పడిపోయిన మనిషి ఆ పట్టికకి జవాబు ఎలా చెప్పాలి? పక్కనున్నవాళ్ళు చెప్పాలి, లేదా ఆ మనిషిని అధ్యయనంలోంచి తీసేస్తారు. అందరికంటే ఎక్కువ కష్టంలో ఉన్నవాళ్ళే లెక్కలోంచి జారిపోతారు. ఒకాయన మూడు రోజులు స్పూను నెట్టేశాడు. మొండితనమన్నారు, మనసు బాగాలేదన్నారు. నాలుగో రోజు భార్య సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే, విరిగిన పన్ను అంచు తగిలి బుగ్గ లోపల చీరుకుపోయి ఉంది. ఇంకో ఇబ్బంది, మన పెద్దావిడల్ని అడిగితే "బాగానే ఉందమ్మా" అంటారు. జీవితంలో ఎవరూ నీ నోరెలా ఉందని అడగని మనిషికి ఫిర్యాదు చెయ్యడం ఎక్కడ వస్తుంది? మనవడు దగ్గరికొచ్చి, వాసనని వెనక్కి వెళ్ళిపోతాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. దానికి ఏ పట్టికలో ఎన్ని మార్కులు వెయ్యాలో నాకు తెలియదు. చాప మీద పడుకున్నావిడ జీవన నాణ్యతకైతే అసలు పట్టికే లేదు.

2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంట్లో మనుషుల్ని చూసుకునే పని చేసే స్త్రీలు రోజుకి సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. సర్వేవాళ్ళు ఇంటికెళ్ళి అడుగుతారు. నేను చెప్పే మనిషి ఆ రోజు ఇంట్లో ఉండదు, వార్డులో ఉంటుంది.

హక్కుల మాటకొస్తే, ప్రభుత్వాసుపత్రిలో సకాలంలో వైద్యం అందకపోవడం జీవించే హక్కుకి భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మెదడు దెబ్బతిని శాశ్వతంగా మాట కోల్పోవడం కూడా వైకల్యంగా చేరింది. అదే చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైనవాళ్ళ సంరక్షకులకి భత్యం ప్రస్తావన ఉంది. ఆ భత్యం మాట వార్డులో ఏ ఆడమనిషి నోటా నేను వినలేదు. మనం వినిపించాలి.

అయితే నర్సుల మీదో ఇంటివాళ్ళ మీదో ఇంకో బాధ్యత వేసి ఊరుకోవడం నాకిష్టం లేదు. మనుషుల్ని పెంచకుండా శిక్షణ పేరుతో కాగితాలు పంచడం ప్రభుత్వాలకి సులువు. సిబ్బందికి శిక్షణ ఇస్తే ఎంత మార్పొస్తుందో చూసిన 2006 నాటి కోక్రేన్ సమీక్షకి దొరికిన ఆధారాలు కొద్దే. కట్టుడు పళ్ళు శుభ్రపడ్డాయి, సిబ్బందికి అవగాహన పెరిగింది, అసలు పళ్ళ మీద పాచి మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఈ లోపల మంచం పక్కనున్న ఆమెకి తెలియాల్సినవి కొన్ని చెప్తాను, రాసుకోండి. మింగగలరో లేదో డాక్టరు పరీక్షించేదాకా, గొంతు తడుపుదామని నీళ్ళుగానీ కొబ్బరినీళ్ళుగానీ తులసి తీర్థంగానీ పొయ్యొద్దు. తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలి, కుదరకపోతే పక్కకి తిప్పాలి. పిల్లల మెత్తని బ్రష్షు తడిపి నీళ్ళు విదిలించి వాడాలి, పేస్టు రవ్వంత చాలు. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులున్నాయేమో చూడాలి. పళ్ళ మధ్య వేలు పెట్టొద్దు. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, పేరు రాసిన డబ్బాలో పెట్టాలి. ఎడమచెయ్యి పనిచేస్తుంటే బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఆమె చేతికే ఇవ్వండి. వంకరగా తోముకున్నా ఫరవాలేదు. అడక్కుండా నోట్లో చెయ్యి పెట్టకండి. మాట రాకపోయినా చాలామందికి సైగ అర్థమవుతుంది.

ఆస్పత్రుల్ని మనం అడగాల్సింది, చేర్చుకున్న రోజే కేసు షీటులో నోటి పరిస్థితి రాయాలని. రోజుకి కనీసం రెండుసార్లు ఎవరు శుభ్రం చేశారో సంతకం ఉండాలని. జ్వరం, బీపీ రాసే కాగితంలోనే దానికో గడి గీస్తే సరిపోతుంది. ఆ గడిలో భార్యో కూతురో సంతకం పెట్టడానికి మాత్రం మనం ఒప్పుకోకూడదు. జీతం తీసుకునే ఉద్యోగి పేరే ఉండాలి, ఆ ఉద్యోగాన్ని ప్రభుత్వం భర్తీ చెయ్యాలి. జిల్లా ఆస్పత్రి అభివృద్ధి కమిటీల్లో ఉన్న మన సభ్యులు వచ్చే సమావేశంలోనే ఈ గడి సంగతి ఎత్తితే బాగుంటుంది.