పళ్ళు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయా? స్కేలింగ్‌కి వెళ్ళేముందు తెలుసుకోవాల్సినవి

ఈరోజు పళ్ళ క్లీనింగ్ గురించి మాట్లాడుకుందాం. మా డెంటిస్టులు దీన్ని స్కేలింగ్ అంటారు. కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం చెప్తున్నా, నేను డెంటిస్ట్‌ని, నల్గొండ జిల్లాలో ఒక చిన్న క్లినిక్ నడుపుతున్నాను. మా క్లినిక్‌లో కుర్చీ ఎక్కాక ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, క్లీనింగ్ చేపిస్తే పండ్లు వదులైతయట గదా?"

ఈ ప్రశ్న వింటే నాకు నవ్వు రాదు. ఈ మాట వల్ల మా ఇంట్లోనే నష్టం జరిగింది. అది చెప్తాను. ముందు క్లీనింగ్‌లో అసలు తీసేది ఏంటో చూద్దాం.

పొద్దున లేవగానే నాలుకతో పళ్ళని తడిమితే జిగురుగా ఒక పొర తగులుతుంది కదా, అదే పాచి. అది రాత్రి తిన్న అన్నం కాదు, బాక్టీరియా గుంపులుగా అతుక్కుని కట్టుకున్న పొర. బ్రష్ చేస్తే పోతుంది. బ్రష్ అందని చోట ఉండిపోయిందనుకోండి, మన ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరతాయి. రెండు మూడు రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది, పది పన్నెండు రోజులకి రాయిలా అయిపోతుంది. బోరు నీళ్ళు పట్టే బకెట్ అంచుకి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది చూడండి, అలాగన్నమాట. దాన్నే గార అంటాం. గార పట్టాక ఎంత ఖరీదైన పేస్ట్ పెట్టి తోమినా రాదు.

ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి ఒక పని చేయండి. వీడియో పాజ్ చేసి, టార్చ్ వేసి, అద్దం ముందు నిలబడి కింది ముందు పళ్ళ వెనక భాగం చూడండి. నాలుక వైపు. పసుపుగా, గరుకుగా అడ్డంగా ఒక పట్టీలా ఉందా? చాలామందికి ఉంటుంది. లాలాజలం వచ్చే నాళం నాలుక కిందే తెరుచుకుంటుంది, అందుకే గార అక్కడ తొందరగా కడుతుంది. పై దవడ పళ్ళకి బుగ్గ వైపు కూడా అదే కథ, అక్కడా ఒక నాళం ఉంది.

చూశారా? సరే, ముందుకెళ్దాం.

పాచి అంత పని చేస్తుందా అని మీకు డౌట్ రావచ్చు. 1965లో డెన్మార్క్‌లో హారల్డ్ లో అనే ఆయన, ఆయన టీమ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోమడం ఆపేయమన్నారు. అందులో ఎక్కువమంది డెంటల్ స్టూడెంట్సే, పాపం. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో మామూలు స్థితికి వచ్చేశాయి. మా చదువులో ఇప్పటికీ చెప్పే ప్రయోగం ఇది. దీన్నిబట్టి అర్థమయ్యేది ఏంటంటే, బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తుంటే మామూలుగా అది పాచి వల్ల వచ్చిన వాపు. చాలామంది రక్తం చూసి భయపడి ఆ పక్క తోమడం మానేస్తారు. మానేస్తే పాచి పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది.

ఇప్పుడు మా నాన్న సంగతి.

నేను బీడీఎస్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు దసరా సెలవులకి ఇంటికొచ్చి, కొత్త ఉత్సాహంలో అందరి నోళ్ళూ చూస్తున్నాను. మా నాన్న కింది పళ్ళ వెనక గార ఎంత ఉందంటే, నాలుగు పళ్ళు కలిపి ఒకే పలకలా కనిపించాయి. క్లీనింగ్ చేయించుకుందాం నాన్నా అంటే, "నీ సదువేందో నువ్వు సదువుకో బిడ్డా, నా పండ్ల జోలికి రాకు, కదిలిస్తే ఊడుతయ్" అన్నాడు. పైగా నాకు రక్తమే రాదు కదా అన్నాడు. ఆయన బీడీలు తాగేవాడు. పొగ తాగేవాళ్ళలో చిగుళ్ళకి జబ్బున్నా రక్తం కారడం తక్కువగా ఉంటుంది, జబ్బు బయటికి కనపడదు. ఆ సంగతి నాకూ అప్పటికి తెలియదు. నేను కూడా ఇంకోసారి అడగలేదు.

మూడేళ్ళ తర్వాత మక్క కంకి తింటుంటే ఒక పన్ను చేతిలోకి వచ్చేసింది. నొప్పి కూడా లేదు. అప్పుడు కాలేజీకి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే, మిగిలిన మూడు పళ్ళ చుట్టూ ఎముక సగం కన్నా ఎక్కువ కరిగిపోయి ఉంది. గార తీశాం. తీయగానే ఆ మూడూ ఊగడం మొదలుపెట్టాయి. నెలలోపు అవి కూడా తీసేయాల్సి వచ్చింది. ఊళ్ళో ఏమనుకున్నారో మీరే ఊహించండి. "సూసినవా, బిడ్డ క్లీనింగ్ చేపిచ్చింది, పండ్లన్నీ పోయినయ్." మా మేనత్త ఇప్పటికీ నా క్లినిక్ మెట్లెక్కలేదు.

ఒక గుంజ పాతారు, దాని చుట్టూ మట్టి మొత్తం కొట్టుకుపోయింది, కానీ చుట్టూ రాళ్ళూ చెత్తా పేరుకుని దాన్ని నిలబెట్టాయి. ఆ చెత్త తీస్తే గుంజ ఊగుతుంది. తప్పు చెత్త తీసినవాళ్ళదా? గార పన్నుకి బలం కాదు. ఆ గార మీద ఎప్పుడూ పాచి ఉంటుంది, దాని వల్లే చిగురు వాచి, లోపల ఎముక కరుగుతూ పోయింది. కరిగిన ఎముక మామూలు క్లీనింగ్‌తో తిరిగి రాదు. మా నాన్న మిగతా పళ్ళకి డీప్ క్లీనింగ్ చేశాం, బీడీ మాన్పించాం, అవి ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ఆ విషయం ఊళ్ళో ఎవరూ చెప్పుకోరు లెండి.

క్లీనింగ్ ఎలా చేస్తారో క్విక్‌గా చెప్తాను. స్కేలర్ అని ఒక మెషిన్ ఉంటుంది. దాని చివర సన్నటి మొన సెకనుకి సుమారు 25,000 నుంచి 45,000 సార్లు కంపిస్తుంది, పక్కనుంచి నీళ్ళు చిమ్ముతుంటాయి. ఆ కంపనానికి గార పెళ్ళలుగా ఊడొస్తుంది. కోయడం, గీకి అరగదీయడం లాంటిది కాదు. సరిగ్గా వాడితే ఎనామిల్ ఏమీ అరిగిపోదు. శబ్దం మాత్రం చిరాగ్గా ఉంటుంది, ఒప్పుకుంటాను. చివర్లో రబ్బరు కప్పుతో పాలిష్ చేస్తారు. మొత్తం అరగంట, గంట లోపు అయిపోతుంది.

చిగురుకీ పన్నుకీ మధ్య సందు ఎంత లోతుందో సన్నటి స్కేలు లాంటి పుల్లతో కొలుస్తాం. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. అంతకన్నా లోతుగా ఉండి, లోపల వేరు మీద కూడా గార ఉంటే మత్తు సూది ఇచ్చి డీప్ క్లీనింగ్ చేయాల్సి వస్తుంది. అది వేరే పని, ఖర్చూ వేరే. "మీకు డీప్ క్లీనింగ్ కావాలి" అని ఎవరైనా అంటే, ఏ పన్ను దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు ఉంది అని అడగండి. చెప్పడం డాక్టర్ బాధ్యత.

చేయించుకున్నాక రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. ఇన్నాళ్ళూ గార కప్పి ఉన్న చోట ఒక్కసారిగా తెరుచుకుంటుంది కాబట్టి. పళ్ళ మధ్య సందులు వచ్చినట్టు కూడా అనిపిస్తుంది. ఆ సందులు కొత్తవి కావు. వాచిన చిగురు తగ్గింది, నిండిన గార పోయింది, అంతే.

ఇంకో అపోహ, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు తెల్లగా అవుతాయని. టీ మరకలు, గుట్కా మరకలు పోతాయి. పన్ను సొంత రంగు మారదు, అది బ్లీచింగ్ పని. ముఖ్యంగా మా జిల్లా వాళ్ళకి చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద వచ్చే గోధుమరంగు మచ్చలు స్కేలింగ్‌తో పోవు. చిన్నప్పుడు పన్ను తయారయ్యే దశలోనే ఎనామిల్ లోపల ఏర్పడిన మచ్చలవి. పెళ్ళి చూపులు ఉన్నాయి, వీటిని క్లీన్ చేయండి మేడం అని ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. అప్పటికే నిమ్మకాయ, వంటసోడా కలిపి నెలరోజులు రుద్దుకుంది. మచ్చలు అలాగే ఉన్నాయి, ఎనామిల్ అరిగి చన్నీళ్ళు తాగలేని స్థితికి వచ్చింది. ఆ మచ్చలకి వేరే ట్రీట్‌మెంట్లు ఉన్నాయి, రీల్స్‌లో చూపించేవి మాత్రం కాదు.

ఆన్‌లైన్‌లో ఇంట్లోనే గార తీసుకునే కిట్లు అమ్ముతున్నారు, స్టీలు కొక్కేలతో సహా. అద్దంలో చూస్తూ ఆ కొక్కెం చిగురు కిందకి దింపితే కోసుకుంటారు, గారని ఇంకా లోపలికి నెడతారు. దయచేసి కొనకండి.

ఆరు నెలలకోసారి తప్పనిసరా? నిజం చెప్పాలంటే అందరికీ కాదు. చిగుళ్ళు బాగుండి, శుభ్రంగా తోముకునేవాళ్ళకి ఏడాదికోసారి చూపించుకుంటే చాలామటుకు సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, పళ్ళకి క్లిప్పులు వేసుకున్నవాళ్ళు ముందే రావాలి. షుగర్‌కీ చిగుళ్ళకీ రెండువైపులా సంబంధం ఉంది: షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళ జబ్బుంటే షుగర్ కంట్రోల్ అవడం కష్టమవుతుంది.

గుండెకి వాల్వ్ వేయించుకున్నవాళ్ళు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. మందులు మీ అంతట మీరు ఆపేయకండి. గర్భిణులు కూడా చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి సులువుగా ఉంటుంది.

ఖర్చు సంగతి, నేను చూసినంతలో ఊరిని బట్టి ఐదారు వందల నుంచి రెండు వేల దాకా తీసుకుంటున్నారు. అంత పెట్టలేకపోతే హైదరాబాద్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ స్టూడెంట్స్ చేస్తారు, పక్కనే ప్రొఫెసర్లు చూస్తుంటారు. టైమ్ ఎక్కువ పడుతుంది, సగం రోజు ఖాళీ పెట్టుకుని వెళ్ళండి. నా మొదటి స్కేలింగ్ కూడా అలాగే చేశాను. ఆ పేషెంట్ గంటన్నర ఓపిగ్గా నోరు తెరిచి కూర్చుని, చివర్లో "అయిపోయిందా తల్లీ?" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో జ్ఞానదంతం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, బై.