ఊసరవెల్లికి ఏం కావాలి?



ఈ రోజు మాట ఊసరవెల్లి గురించి. "ఆవు గురించి చెబితే పాలకు పనికొస్తుంది. కోడి గురించి చెబితే గుడ్లకు పనికొస్తుంది. ఊసరవెల్లి సంగతి మనకెందుకు?" అని ఎవరికైనా అనిపించవచ్చు. ఎందుకో వింటే తెలుస్తుంది.

చేను గట్టు మీద, కంచె మీద, తుమ్మ చెట్టు మీద ఊసరవెల్లి కనబడుతుంది. కొందరు పెద్దవాళ్ళు చూడగానే రాయి తీస్తారు. "విషప్పురుగు, చంపెయ్యండి" అంటారు. పిల్లలేమో నడుముకు దారం కట్టి ఇంటికి తెస్తారు. "పెంచుకుంటామమ్మా" అంటారు. రాయితో కొడితే అది అప్పుడే చస్తుంది. ఇంట్లో పెడితే మెల్లగా చస్తుంది. రెండూ తెలియక చేసే పనులే.

తొండ వేరు, ఊసరవెల్లి వేరు

"తొండ ముదిరితే ఊసరవెల్లి" అని సామెత ఉంది. అది మనుషుల గుణం గురించి పుట్టిన మాట. తొండ ఎంత ముదిరినా తొండే. దాని జాతి వేరు, దీని జాతి వేరు.

గుర్తు పట్టడం తేలిక. తొండ చకచకా పరుగెత్తుతుంది. ఊసరవెల్లి పరుగెత్తలేదు. గాలికి ఆకు ఊగినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతూ, అడుగు తీసి అడుగు వేస్తుంది. దాని కాలి వేళ్ళు రెండు జట్లుగా ఉంటాయి. పట్టకారుతో పట్టినట్టు కొమ్మను పట్టుకుంటుంది. తోకను కూడా కొమ్మకు చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు చూస్తుంటే, ఇంకో కన్ను వెనక్కు చూస్తుంది. నాలుక దాదాపు దాని ఒళ్ళంత పొడుగు. దూరాన ఉన్న పురుగును ఆ నాలుకతో టక్కున లాక్కుంటుంది.

ప్రపంచంలో చాలా రకాల ఊసరవెల్లులున్నాయి. మన దేశంలో ఉన్నది మాత్రం ఒకటే రకం. అది ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది, తెలంగాణలోనూ ఉంది.

విషం ఉందా?

లేదు. ఊసరవెల్లికి విషం లేదు. దగ్గరకు వెళితే ఒళ్ళు ఉబ్బిస్తుంది. నోరు తెరిచి బుస కొడుతుంది. అది చూసే జనం భయపడతారు. అసలు భయపడింది అది. పారిపోయే శక్తి లేనిది కాబట్టి బెదిరించి బతకాలని చూస్తుంది. మరీ పట్టుకుని నలిపితే కరవవచ్చు. కరిచినా విషం ఎక్కదు.

మరి రంగు ఎందుకు మారుస్తుంది? దాక్కోవడానికే అని చాలామంది అనుకుంటారు. దాని మామూలు రంగు ఆకుల్లో కలిసిపోతుంది, నిజమే. కానీ రంగు మారడానికి వేరే కారణాలున్నాయి. పొద్దున చలిగా ఉంటే ఒళ్ళు నల్లబడుతుంది. నల్లటిది ఎండ వేడిని బాగా పీలుస్తుంది కదా! ఎండ ముదిరితే రంగు తేలికవుతుంది. భయమేసినా, కోపమొచ్చినా, జత కోసం వెతికినా రంగు మారుతుంది. దాని చర్మంలో కంటికి కనబడని చిన్న చిన్న పలుకులు ఉంటాయి. ఆ పలుకులు దగ్గరైతే ఒక రంగు, దూరమైతే ఇంకో రంగు కనబడుతుంది. ఈ సంగతిని స్విట్జర్లాండ్ దేశంలో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో బయటపెట్టారు. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

బతకడానికి ఏం కావాలి?

పిల్లలు దాన్ని అట్టపెట్టెలో పెడతారు. చిప్పతో నీళ్ళు పెడతారు. నాలుగు మెతుకులు వేస్తారు. ప్రేమతోనే పెడతారు, పాపం. కానీ వాటిలో ఒక్కటీ దానికి పనికిరాదు.

నీళ్ళు: ఊసరవెల్లి చిప్పలో నీళ్ళు తాగదు. నిలిచిన నీళ్ళను అది నీళ్ళని పోల్చుకోదు. ఆకుల మీద మంచు బొట్లు, వాన బొట్లు తాగుతుంది. ఎదురుగా చిప్ప నిండా నీళ్ళున్నా దాహంతో చస్తుంది. నీళ్ళు చాలకపోతే కళ్ళు గుంటలు పడతాయి.

తిండి: అది మెతుకులు తినదు. మిడతలు, ఈగలు, పురుగులు తింటుంది. అవి కదలాలి. కదలని పురుగు దాని కంటికి ఆనదు.

ఎండ: దానికి నేరుగా ఎండ తగలాలి. ఎండ తగిలితేనే ఒంట్లో 'డి' విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిండిలోని కాల్షియం ఎముకకు పడుతుంది. అది లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. కాళ్ళు వంకర పోతాయి. దవడ మెత్తబడి పురుగును నమలలేదు. కొమ్మను పట్టుకోలేక కింద పడిపోతుంది. పసిపిల్లలకు దొడ్డికాళ్ళు వచ్చేదీ ఇలాంటి లోటు వల్లే. పిల్లలకైనా, ఊసరవెల్లికైనా ఎముక గట్టిపడే దారి ఒక్కటే. అద్దం చాటు నుంచి వచ్చే ఎండ ఈ పనికి చాలదు.

గాలి, కొమ్మలు: ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి ఆకులు, చుట్టూ గాలి కావాలి. గాలి ఆడని గాజు పెట్టెలో పెడితే ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. గాజులో తన నీడనే చూసి వేరే ఊసరవెల్లి అనుకుని బెదిరిపోతుంది.

ఏకాంతం: ఇది ఒంటరిగా బతికే జీవి. రెండు మగవాటిని ఒకచోట పెడితే కొట్టుకుంటాయి. కుక్కపిల్లను నిమిరినట్టు దీన్ని నిమరకూడదు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అది భయంతో కుంగిపోతుంది.

మట్టి: ఆడది గుడ్లు పెట్టే వేళకు చెట్టు దిగుతుంది. కాళ్ళతో మెత్తటి నేలను తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్ళిపోతుంది. తవ్వే చోటు దొరక్కపోతే గుడ్లు కడుపులోనే ఆగిపోవచ్చు. అప్పుడు తల్లి ప్రాణానికే ముప్పు. కాన్పు కష్టమైన తల్లి బాధ ఎవరికి తెలియదు?

కొన్ని దేశాల్లో ఊసరవెల్లిని పెంచేవాళ్ళు ఉన్నారు. యెమెన్ దేశపు రకాన్ని పంజరంలోనే పిల్లలు చేయించి పెంచుతారు. దానికి వల పంజరం కడతారు. లోపల చెట్టు పెడతారు. రోజూ ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తారు. ఎండకు బదులు ప్రత్యేకమైన దీపం వెలిగిస్తారు. పురుగులకు కాల్షియం పొడి అద్ది వేస్తారు. జబ్బు చేస్తే పశువైద్యుడికి చూపిస్తారు. పగటిపూట కళ్ళు మూసుకుని ఉంటే జబ్బు చేసినట్టే లెక్క. అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. ఇంత చేసినా దాన్ని బతికించడం కష్టమే అని వాళ్ళే అంటారు. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా ఇచ్చేది చేను గట్టు మీది చెట్టు.

చట్టం ఏమంటుంది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన ఊసరవెల్లి ఆ చట్టం కాపాడే జీవుల్లో ఉంది. దాన్ని పట్టడం, ఇంట్లో పెంచడం, అమ్మడం, చంపడం నేరం. జైలు పడవచ్చు, జరిమానా పడవచ్చు. మందుకని, మంత్రానికని ఎవరైనా అడిగినా పట్టి ఇవ్వకూడదు.

కనబడితే ఏం చెయ్యాలి?

చెట్టు మీద ఉంటే వదిలెయ్యండి. అది తినేది పురుగులను. పంటకు దాని వల్ల నష్టం లేదు.

దారి దాటుతూ ఉంటే బండి కింద పడే ప్రమాదం ఉంది. అది వేగంగా నడవలేదు కదా! ఒక కర్ర దాని ముందు పెట్టండి. మెల్లగా కర్ర ఎక్కుతుంది. అది ఏ వైపు వెళుతోందో ఆ వైపు చెట్టు మీదకు చేర్చండి. కొమ్మను పట్టుకుని ఉంటే లాగవద్దు. లాగితే వేళ్ళకు దెబ్బ తగులుతుంది.

పిల్లలు ఇంటికి తెచ్చి ఉంటే తిట్టవద్దు, కొట్టవద్దు. దారం విప్పించండి. ఆకుల మీద నీళ్ళు చల్లి దాని దగ్గర పెట్టండి. ఎక్కడ పట్టారో అక్కడికే పిల్లలతో కలిసి వెళ్ళి, చెట్టు ఎక్కించి రండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ వాళ్ళకు కబురు చెయ్యండి.

అక్కలారా! ఊసరవెల్లికి విషం ఉందని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పారు. లేదని కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఇప్పుడు ఈ పేజీ చదవడం మీకు వచ్చింది. ఈ రాత్రి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. రేపు వాళ్ళే మీకు కంచె మీది ఊసరవెల్లిని వేలు పెట్టి చూపిస్తారు.

చదివారు కదా, చెప్పుకోండి

1. తొండకు, ఊసరవెల్లికి తేడా ఏమిటి?
2. చిప్పలో నీళ్ళున్నా ఊసరవెల్లి ఎందుకు తాగదు?
3. ఎముకలు గట్టిపడడానికి ఏమేం కావాలి?
4. మీ ఊళ్ళో ఊసరవెల్లి గురించి ఏమంటారు? అందులో నిజం ఎంత?