పట్నానికి కాపలా ఎవరు?



రేపటి పట్నాలను కోటగోడలు కాదు, కళలు, వ్యాపారమే కాపాడుతయని పెద్దలు చెప్తున్నరు. నిజమేనా? ఏడ్రియాటిక్ తీరంల డుబ్రోవ్నిక్‌ను చూద్దాం. ఒట్టోమన్ సుల్తానుకు కప్పం కట్టి, తూర్పు పడమరల నడుమ సరుకు నడిపింది. అందరి అక్కరకొచ్చింది కాబట్టే 1808ల నెపోలియన్ సైన్యం రద్దుచేసేదాక గణరాజ్యంగా నిలిచింది. 1979ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అయినా 1991 డిసెంబర్ 6న యుగోస్లావ్ సైన్యం పాత పట్నం మీద గుండ్లు కురిపించింది. తర్వాత హేగ్ ట్రిబ్యునల్ ఆ సైన్యపు జనరల్‌కు శిక్షవేసింది. పేరు ఫిరంగిని ఆపలేకపోయింది గానీ, కాల్పించినోన్ని బోనెక్కించింది.

ఇయ్యాల అక్కడ టూరిస్టులు పెరిగి, పాత పట్నంల ఉండేటోళ్లు తగ్గిపోయిండ్రు. మనం యాది పెట్టుకోవాల్సింది ఇదే: పేరు, వ్యాపారం రెండూ కావాలె. కానీ అండ్ల బతికే జనాన్ని వెళ్లగొడితే, ఆపదొచ్చిన నాడు పట్నానికి అడ్డం నిలిచేదెవరు?