డీజిలు బండికి బటను స్టార్టరు: ముందు ఆపుదల, పిమ్మట నడుపుదల
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



తోటలో పండ్ల గంపలు, మందు పీపాలు మోయుటకై పాత జీపు చట్రముపై మూడు సిలిండర్ల ట్రాక్టరు ఇంజనును బిగించి, తన చేతులతోనే బండి తయారుచేసికొనిన యువరైతు ఒకరు నిన్న నన్నొక ప్రశ్న అడిగినారు. “అయ్యా, తాళపుచెవి స్విచ్చి అరిగిపోయినది. కొత్త కారులలో వలె బటను నొక్కగానే నడుచునట్లు నేనే అమర్చుకొనవచ్చునా?” అనినారు.

అమర్చుకొనవచ్చును. కాని బటను ఎచ్చట బిగించవలెనని అడుగుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలెను. నడచుచున్న ఇంజను దేనితో ఆగును? ముకుతాడు లేని కోడెను ఎవరును కాడికి కట్టరు గదా! నేటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క మాటకు వివరణయే.

డీజిలు ఇంజనులో నిప్పు ఎక్కడిది?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ విద్యుత్తు వలన పుట్టును. తాళపుచెవి త్రిప్పి కరెంటు ఆపినచో రవ్వ ఆగును, ఇంజనును ఆగును. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897వ సంవత్సరములో జర్మనీలో జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో ఈ రవ్వ లేదు. సిలిండరులోని గాలిని సుమారు 16వ వంతునకో 20వ వంతునకో అణచినప్పుడు ఆ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వేడెక్కును. ఆ వేడిగాలిలో సన్నని తుంపరగా పడిన నూనె తనంతట తానే మండును.

దీనివలన మనము గ్రహించవలసిన దేమి? పాత పద్ధతి నూనెపంపు గల డీజిలు ఇంజను ఒకసారి అందుకొన్న తరువాత దానికి బ్యాటరీతో పనిలేదు. చాల ట్రాక్టర్లలో తాళపుచెవి తీసివేసినను ఇంజను నడచుచునే యుండుట మీరు చూచినదే. దానిని ఆపవలెనన్న నూనె ఆపవలెను. కావున మనము అమర్చు బటనుకు రెండు పనులు కలవు. ఒకటి స్టార్టరు మోటారును త్రిప్పుట, రెండవది నూనెను విడుచుట లేక ఆపుట. రెండవ దానిని ముందు సరిచేసికొనవలెను.

కంప్యూటరు పెట్టెతో నడచు కామన్ రైల్ ఇంజనులకు నేను చెప్పు పద్ధతి వర్తించదు. వాని తీగలను కోయరాదు.

ఆపు ఏర్పాటు

మీ పంపు ఏ రకముదో మొదట చూడుడు. రోటరీ పంపులలో పెక్కింటికి నూనెదారిపై 12 వోల్టుల సోలినాయిడ్ ఉండును. దానికి కరెంటు ఉన్నంతసేపు నూనె పారును. కరెంటు పోయిన నూనె ఆగును. ఇది మంచి పద్ధతి. తీగ తెగినను, ఫ్యూజు పోయినను ఇంజను ఆగునే గాని అదుపు తప్పదు.

ఇన్‌లైన్ పంపులలో సాధారణముగ ఆపు మీట ఉండును. దానిని చేతితో కేబులు లాగి ఆపుదురు. ఈ మీటకు సోలినాయిడ్ తగిలించునప్పుడు కొందరు కరెంటు ఇచ్చినప్పుడు మాత్రమే ఆపునట్లు అమర్చుదురు. అట్లు చేయరాదు. ఆపవలసిన క్షణముననే తీగ ఊడియున్నచో ఇంజను ఆగదు. కరెంటు ఉన్నంతసేపు మీటను నడుపు స్థితిలో పట్టియుంచి, కరెంటు పోగానే స్ప్రింగు వలన ఆపు స్థితికి వచ్చు రకమునే తీసికొనుడు. ఇట్టి సోలినాయిడ్‌లో లాగు చుట్ట, పట్టు చుట్ట అని రెండు చుట్టలుండును. లాగు చుట్టకు అధిక కరెంటు క్షణకాలము మాత్రమే అందవలెను. ఎక్కువసేపు అందినచో అది కాలిపోవును.

ఎన్ని సోలినాయిడ్లు పెట్టినను, చేతితో లాగు కేబులును మాత్రము తీసివేయకుడు. దాని పిడికి ఎర్రరంగు వేసి, కూర్చున్నచోటు నుండి చేతికందునట్లు ఉంచుడు. కరెంటుతో నిమిత్తము లేకుండ ఆపగలది అదియొక్కటే.

నడుపు బటను

స్టార్టరు మోటారు ఇంజనును త్రిప్పునప్పుడు 200 నుండి 400 ఆంపియర్ల వరకు కరెంటు లాగును. ఆ కరెంటు బ్యాటరీ నుండి లావుపాటి కేబులు ద్వారా మోటారుకే నేరుగ పోవలెను. మోటారు మీదనుండు సోలినాయిడ్ కూడ మొదటి క్షణమున 30 ఆంపియర్లకు మించి లాగవచ్చును. చిన్న బటను గుండా దీనిని పంపినచో బటనులోని రేకులు కాలి అతుకుకొనిపోవును. అప్పుడు చేయి తీసినను స్టార్టరు తిరుగుచునే యుండును.

అందువలన నడుమ 40 ఆంపియర్ల రిలే ఒకటి పెట్టవలెను. రిలే మీద 30, 85, 86, 87 అను అంకెలుండును. బ్యాటరీ నుండి 40 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా వచ్చిన తీగను 30కి, స్టార్టరు సోలినాయిడ్‌కు పోవు తీగను 87కు బిగించవలెను. ఈ రెండు తీగలు 4 చదరపు మిల్లీమీటర్ల కంటె సన్ననివి కారాదు. 85ను చట్రమునకు కలిపి, 86కు బటను తీగను తేవలెను. బటను తీగలో పారునది ఒక ఆంపియరు కంటె తక్కువ కనుక 1 చదరపు మిల్లీమీటరు తీగ, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఫ్యూజులను బ్యాటరీకి దగ్గరగా ఉంచుడు.

ఒకసారి 10 సెకండ్లకు మించి స్టార్టరును త్రిప్పరాదు. అందుకొననిచో ఒక నిమిషమైన ఆగి మరల ప్రయత్నించవలెను. మూడుసార్లకును అందుకొననిచో బటనును వదలి కారణము వెదకుడు. నూనెదారిలో గాలి చేరినదా, వడపోత మూసుకొన్నదా, బ్యాటరీ దిగినదా? విశ్రాంతిగానున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. స్టార్టరు తిరుగునప్పుడు అది తొమ్మిదిన్నర వోల్టులకు దిగువ పడినచో బ్యాటరీగాని, కేబులు బిగింపులుగాని బాగులేవని తెలిసికొనుడు.

మూడు కాపలాలు

తాళపుచెవి స్విచ్చి చెడినప్పుడు నేలమీద నిలిచి, స్క్రూడ్రైవరుతో స్టార్టరు మీది రెండు బోల్టులను కలిపి ఇంజను లేపుట మన గ్రామములలో కనబడుచునే యున్నది. బండి గేరులో ఉన్నచో ఇంజను అందుకొన్న మరుక్షణమే బండి కదలును. నిలిచిన మనిషి చక్రము ముందే యుండును. ఈ విధముగా ప్రాణములు పోయినవి. మనము బటను పెట్టుట ఈ స్క్రూడ్రైవరును మాన్పించుటకే గాని, దానిని మరింత సులభము చేయుటకు కాదు.

కావున బటనుకు కరెంటు చేరుదారిలో మూడు కాపలాలు పెట్టుడు. మొదటిది, గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడే కలియు స్విచ్చి. రెండవది, క్లచ్చి పూర్తిగా అదిమినప్పుడే కలియు స్విచ్చి. మూడవది, ఇంజను నడచుచుండగా స్టార్టరును అడ్డగించు రెండవ రిలే. ఆల్టర్నేటరుకు ఛార్జి దీపపు బోల్టు ఉన్నచో, ఇంజను నడచునప్పుడు అచ్చట ఇంచుమించు పూర్తి వోల్టేజి వచ్చును. దానితో ఈ రిలేను పనిచేయించి, దాని 87ఏ అను బోల్టు గుండా బటను తీగను పోనిచ్చినచో, ఇంజను నడచినంతసేపు ఆ దారి తెగియుండును. ఇది లేనిచో నడచుచున్న ఫ్లైవీలు మీద స్టార్టరు పళ్లు పడి రెండును అరిగిపోవును.

ఒకే కాలువకు వరుసగా పెట్టిన తూములవలె ఇవి ఒకదాని వెనుక ఒకటి ఉండవలెను. ఏ ఒక్కటి మూసియున్నను నీరు పారదు. వీనిని ఫ్యూజుకు, బటనుకు నడుమ, కరెంటు వచ్చువైపునే అమర్చుడు. రిలే నుండి చట్రమునకు పోవువైపు పెట్టినచో, తీగ ఒరిసికొని చట్రమునకు తగిలినప్పుడు కాపలా లేనట్లే యగును. కరెంటువైపు ఉన్నచో అట్లు తగిలినప్పుడు ఫ్యూజు పోవును, బండి లేవదు. ఏ లోపము వచ్చినను బండి నిలిచిపోవలెనే గాని కదలరాదు.

బటనును సీటులో కూర్చున్నవారికే అందుచోట బిగించి, స్టార్టరు బోల్టులకు రబ్బరు తొడుగు వేయుడు.

తాళపుచెవికి బదులేమి?

తాళపుచెవి పోయినదనగా ఎవరైనను బండి నడుపవచ్చునని కాదు. ఇంటిలో పిల్లలుందురు. చేతిలో పట్టుకొను కార్డును దగ్గరగా చూపినచో గుర్తించు పరికరములు బజారులో దొరకును. 125 కిలోహెర్ట్‌జ్ రకము కొద్ది సెంటీమీటర్ల దూరములోనే పనిచేయును. కార్డు చూపిన పిమ్మట 30 సెకండ్లలో బటను నొక్కనిచో మరల తాళము పడునట్లును, నడచుచున్నప్పుడు కార్డు తీసినను ఇంజను ఆగకుండునట్లును ఏర్పాటు చేయించుడు. ఆపుటకు అదే బటనును రెండు సెకండ్లు పట్టి నొక్కవలెననుట మేలు. పొరపాటున చేయి తగిలి మలుపులో ఇంజను ఆగినచో హైడ్రాలిక్ స్టీరింగు బిగిసికొనిపోవును. తొందర వచ్చినప్పుడు ఎర్ర కేబులు ఉండనే యున్నది.

ఇచ్చట చిన్న లెక్క చూడుడు. కార్డు పరికరము రాత్రింబవళ్లు 50 మిల్లీ ఆంపియర్లు తీసికొన్నచో రోజునకు 1.2, నెలకు 36 ఆంపియర్ గంటలు ఖర్చగును. 75 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది ఇంచుమించు సగము. నెలదినములు నిలిచిన బండి అవసరమునకు లేవకపోవచ్చును. కాబట్టి వేరొక చిన్న బటను నొక్కినప్పుడే పరికరమునకు కరెంటు అందవలెను. స్టార్టరు తిరుగునప్పుడు వోల్టేజి పడును గనుక, 6 వోల్టుల వరకు దిగినను పనిచేయు పరికరమునే ఎంచుకొనుడు.

బ్యాటరీకి మాస్టరు స్విచ్చి పెట్టుట మంచిదే. కాని ఇంజను నడచుచుండగా దానిని తీయరాదు; ఆల్టర్నేటరు చెడిపోవును. పాత చట్రమునకు స్టీరింగు తాళము ఉన్నచో దానిని పూర్తిగా తీసివేయించుడు. సగము తీసిన తాళము దారిలో పడినచో స్టీరింగు తిరుగదు.

పరీక్ష

పని ముగిసిన తరువాత చక్రములకు ముందు వెనుక దిమ్మెలు పెట్టి, ఎర్ర కేబులు లాగి నూనె ఆపియుంచి పరీక్షించుడు. గేరులో ఉంచి, క్లచ్చి అదిమి బటను నొక్కుడు. స్టార్టరు తిరుగరాదు. న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్చి వదలి నొక్కుడు. అప్పుడును తిరుగరాదు. తరువాత న్యూట్రల్‌లోనే ఇంజను నడిపి మరల బటనును తాకి విడువుడు. స్టార్టరు చప్పుడు రారాదు. చివరగా నూనె సోలినాయిడ్ తీగను ఊడదీయుడు. ఇంజను ఆగితీరవలెను. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినను బండిని పనికి కట్టకుడు. ప్రతి పంటకాలమునకు ముందు ఇదే పరీక్ష మరల చేయుడు.

ఇట్లు ఇంట తయారైన బండ్లు కూడ చట్టము దృష్టిలో మోటారు వాహనములే యని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రిజిస్ట్రేషను లేనిదే వానిని రోడ్డు మీదికి తేరాదు.

సోదరులారా! బటను నొక్కి బండి లేపినప్పుడు చూచినవారు సంతోషింతురు. ఒక్క తీగ ఊడదీయగానే అది ఆగిపోయిననాడు మీరు నిశ్చింతగా నిద్రింపవచ్చును. తీగల పని తెలియనిచో మెకానిక్కును పిలిచి ఈ పాఠము చదివి వినిపించుడు.