మెదడువాపు జ్వరము - రోగనిర్ణయము



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సెలవిచ్చిరి. ఆ విద్య నభ్యసింపవలసిన బిడ్డల ప్రాణరక్షణమును గూర్చి మేము కొంత విన్నవింతుము.

వైరసులవలన గలుగు జ్వరములలో పెక్కులు కొలది దినములలో శమించును. కొన్ని మాత్రము మెదడున కెక్కి మూర్ఛలను, మతిభ్రమను, స్పృహ తప్పుటను గలిగించును. 2003వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశమున ఇట్టి మెదడువాపు 329 మంది బిడ్డలకు సోకగా 183 మంది మరణించిరి. అందుకు చండీపురా వైరసు కారణమని పూనాలోని జాతీయ వైరసు పరిశోధనాలయమువారు నిర్ణయించిరి. 1965లో నాగపురము చెంతనున్న చండీపుర గ్రామమున తొలుత కనుగొనబడుటచే దాని కాపేరు వచ్చినది. గోడనెఱియలలో దాగు ఇసుక ఈగలు దానిని వ్యాపింపజేయునని శాస్త్రజ్ఞు లెంచుచున్నారు.

వ్యాధి నిర్ణయించుట సులభము గాదు. చండీపురా, జపనీసు మెదడువాపు, హెర్పీసు, మెదడున కెక్కిన మలేరియా, మెదడుపొరల క్షయ - ఇవి యన్నియు తొలుత నించుమించుగ నొక్కతీరుననే కానవచ్చును. చికిత్సలు మాత్రము వేఱు. మలేరియాకును క్షయకును మందులు కలవు. హెర్పీసునకు ఎసైక్లోవిర్ కలదు. అనుమానము గలిగిన వెంటనే, పరీక్షాఫలమునకై వేచియుండక, దాని నారంభింపవలెను. జపనీసు మెదడువాపునకు టీకా కలదు గాని, సోకిన పిదప ప్రత్యేకౌషధము లేదు. చండీపురాకు రెండును లేవు. మూర్ఛల నణచి, శ్వాసను కాపాడి ప్రాణము నిలుపుటయే చికిత్స. తొలిదినముల పరీక్షలో జపనీసు వ్యాధి జాడ కానరాకపోవచ్చును, మరల పరీక్షింపవలసివచ్చును.

ఇచ్చట మనవారి భయ మొకటి యడ్డు వచ్చుచున్నది. నడుమునుండి నీరు తీసినచో కాళ్లు పడిపోవునని తలిదండ్రులు సమ్మతింపరు. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. సూది యంతకు దిగువనే గ్రుచ్చబడును. పిమ్మట కొందఱికి తలనొప్పి కలుగవచ్చును. మెదడులో ఒత్తిడి యధికమైనచో వైద్యులే ఆ పరీక్ష నాపుదురు. ఆ నీటిని చూడనిదే పెక్కుసారులు వ్యాధి తేలదు.

కావున జ్వరముతో మూర్ఛగాని, మాట తడబాటుగాని కానవచ్చినచో దిష్టి తీయుటకును, పసరు పోయుటకును కాలము పుచ్చరాదు. బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట నేమియు పోయక, తక్షణమే పెద్దాసుపత్రికి చేర్పవలెను. 108 బండి యాలస్యమగు పల్లెలకై మన సంఘనిధిలో కొంత ప్రయాణవ్యయమునకు కేటాయింపవలెనని పోషకులను ప్రార్థించుచున్నాము. ఒక్క బిడ్డ దక్కినను ఆ ధనము సార్థకము.