గ్రామ పునరుద్ధరణ – మన యౌవనస్థులు – మత్తు అలవాట్లు

(నకిరేకల్‌లో గ్రామ సంఘముల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



కమిటీవారు నాకు రెండు అంశములు ఇచ్చినారు. ఒకటి గ్రామ పునరుద్ధరణ, రెండవది యౌవనస్థుల మత్తు అలవాట్లు. చెరి పావుగంట పంచుకొనమన్నారు గాని ఆ పంపకము నాకు కుదరలేదు. మన నకిరేకల్ చుట్టుపట్ల ఊళ్ళలో ఈ రెండూ ఒకటే అంశము. పొద్దు కూకిన తరువాత మీ ఊరిలో తెరచి ఉండే చోటు ఏది? బడికి తాళము. పంచాయతీ ఆఫీసుకు తాళము. పెద్దలు మన్నించవలెను, ఆదివారము తప్ప మన దేవాలయమునకు కూడ తాళమే. తెరచి ఉండేవి కల్లు దుకాణము, బెల్టు షాపు. ఇరువది ఏండ్ల పిల్లవాడు నలుగురితో కూర్చుందామనుకుంటే ఎక్కడికి పోవలెను?

నూరేండ్ల పండుగ గనుక పాత సంగతి ఒకటి జ్ఞాపకము చేయుదును. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకము పొందిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్. మురికి, రోగము, అప్పు, తాగుడు, ఈ నాలుగింటిని ఆయన పల్లె సంఘములకు శత్రువులుగా చూపి బోధించేవారు. ఆ వరుసను గమనించండి. తాగుడు ఒంటరిగా లేదు, అప్పు ప్రక్కన, రోగము ప్రక్కన ఉన్నది. మనము మాత్రము తరువాతి కాలములో తాగుడును విడిగా లాగి, తాగేవానిని విడిగా నిలబెట్టి, వాని మీద ప్రసంగములు చేసినాము. సంఘ పుస్తకములో పేరు కొట్టివేయుట సులభము. కొట్టివేసిన పేరు గల పిల్లవాడు ఆ సాయంత్రము ఎక్కడ కూర్చున్నాడో చూచినవారు తక్కువ.

మన ప్రాంతపు సంగతి మీకు తెలియనిది కాదు. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు సోలిపేట దగ్గర మన ప్రక్కనే ఉన్నది. కాలువ క్రింద పొలము ఉన్నవాడు ఒక రకము, బోరు మీద ఆధారపడినవాడు ఇంకొక రకము. నిమ్మ, బత్తాయి తోటలు ఉన్నవి, నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్టు ఉన్నది. ఆ తోటలలో కాయ కోసేవాడు, పత్తి ఏరేవాడు, హమాలీ, అందరికీ కూలి చేతికి అందేది సాయంత్రమే. డబ్బు చేతిలో పడే వేళ, దుకాణము కళకళలాడే వేళ ఒక్కటే. డిగ్రీ చదివి పొలము పనికి మనసొప్పక, హైదరాబాదులో ఉద్యోగము దొరకక, రోడ్డు మీది హోటలు దగ్గర బండి ఆపుకొని కూర్చున్న పిల్లలు మరి కొందరు. ఎందుకురా అని అడిగితే, "పొద్దు పోతలేదు సార్" అంటారు. నాకు ఆ మాట అబద్ధముగా తోచదు.

కల్లు గురించి రెండు మాటలు. గీత కార్మికులు మన ఇరుగుపొరుగువారు. చెట్టు మీదినుండి పడి నడుము విరిగినవారు ప్రతి ఊరిలో ఉన్నారు. వారి వృత్తిని తూలనాడుటకు నేను నిలబడలేదు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. తాటి చెట్లు, ఈత చెట్లు తగ్గిపోయినవి, తాగేవారు పెరిగినారు. ఉన్న చెట్లనుండి అంత కల్లు రాదు. అందుచేత నీళ్ళు కలిపి, మత్తు కొరకు క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్ వంటి మందులు కలుపుచున్నారు. ఇవి డాక్టరు చీటీ మీద తూచి ఇచ్చే నిద్రమందులు. లొట్టిలో ఎంత పడినదో కలిపినవానికే తెలియదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినారు. దీనివలన మొదట నష్టపోయేది నిజాయితీగా గీసేవాడే. 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వము నీరా కేఫ్ తెరచినది. పులియని నీరాకు, తాటి బెల్లమునకు బేరము కుదిరితే మన ఊళ్ళ గీత కుటుంబములకు ఇంకొక దారి దొరకును.

గంజాయి సంగతి త్వరగా చెప్పి ముందుకు పోదును, ఎందుకనగా పత్రికలు చాలినంత వ్రాయుచున్నవి. పూర్వము 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు అనే మన జాతీయ రహదారి మీదుగా అది విశాఖ మన్యమునుండి హైదరాబాదునకు, అటు మహారాష్ట్రకు పోవుచున్నది. 2021 అక్టోబరులో ముఠాలను పట్టుకొనుటకు లంబసింగి వైపు వెళ్ళిన నల్గొండ జిల్లా పోలీసుల మీద దాడి జరిగి, వారు కాల్పులు జరుపవలసి వచ్చినది. దారి ప్రక్కన ఉన్న ఊరికి దారిన పోయే సరుకు కొంత రాలుచుండును. అది పోలీసువారి పని. మన చేతిలో ఉన్న పని వేరే ఉన్నది.

మన పిల్లవాని చేతికి మొదటి గ్లాసు ఎవరు ఇచ్చినారు? గంజాయి అమ్మేవాడు కాదు. పెండ్లి దావత్‌లో మేనమామ ఇచ్చినాడు. దినము నాడు బాబాయి ఇచ్చినాడు. "మొగపిల్లగాడు, జర రుచి చూడనీ" అన్నది మనమే. ఎన్నికలు వచ్చినప్పుడు సీసా ఉచితముగా ఇంటికే వచ్చినది, తండ్రి తీసికొన్నాడు, కొడుకు చూచినాడు. మన రాష్ట్రములో ఇరువది ఒక్క ఏండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదని చట్టమున్నది. దుకాణదారుని నిందించే ముందు, పదునేడేండ్లవానికి ఇంటిలో పోసిన చేతిని చూడవలెను.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా వినండి. ఇది ప్రాణముతో కూడిన మాట. కూడికలలో యౌవనస్థులను ముందుకు పిలిచి, "ఈ రాత్రినుండి మానివేసితిని" అని ప్రమాణము చేయించుట మనకు అలవాటు. ఎప్పుడో ఒకసారి తాగేవానికి అది మంచిదే. ఏండ్ల తరబడి ప్రతి దినము తాగేవాడు, మందు కల్లుకు అలవాటు పడినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రమాదము. మద్యమైతే ఒక పూటనుండి ఒక దినములోగా చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. రెండు దినములలోగా ఫిట్స్ రావచ్చును. రెండు మూడు దినములకు లేనివి కనబడి, లేని మాటలు వినబడి, మనిషి తెలివి తప్పి పలవరించును. వైద్యము లేకపోతే ప్రాణము పోవచ్చును. నిద్రమందులు కలిసిన కల్లయితే ఈ లక్షణములు ఇంకా ఆలస్యముగా కూడ మొదలు కావచ్చును.

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ కల్లును ఒక్కసారిగా అరికట్టినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో ఆసుపత్రులు ఇటువంటివారితో నిండినవి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణములు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు వరుసలు కట్టినవారిని మీరు టీవీలో చూచినారు. ఊళ్ళలో అట్టివారిని చూచి గాలి సోకినదని తాళ్ళతో కట్టివేసిన ఇండ్లు ఉన్నవి, గదిలో పెట్టి గొళ్ళెము వేసిన ఇండ్లు ఉన్నవి. అది దయ్యము కాదు, మొండితనమూ కాదు. మెదడు ఆ మందుకు అలవాటుపడి, అది అందక తల్లడిల్లుట. డాక్టర్లు మత్తును క్రమముగా తగ్గించే మందులు, బి1 విటమిన్ ఇచ్చి గట్టెక్కించగలరు. నల్గొండలో, సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. వాటి ఆసుపత్రులకు తీసికొని పోవచ్చును. మత్తు విషయములకు 14446, మనోవేదనకు 14416, ఈ రెండు ఫోను నంబర్లకు ఖర్చు లేదు. సంఘ నోటీసు బోర్డు మీద ఇవి వ్రాయించండి. ప్రార్థన చేయండి, ప్రమాణము చేయించండి, గాని ఆటో కూడ పిలిపించండి.

ఊరు తనంతట తాను లేచి నిలబడిన ఉదాహరణ మనకు దూరములో లేదు. 1980ల దశకములో వారుణి వాహిని పేరుతో సారాయి ప్యాకెట్లు పల్లె పల్లెకూ చేరినవి. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు రాత్రి బడికి అక్షరములు నేర్చుకొనుటకు వచ్చినారు. వాచకములో పాఠము చదువుచు తమ ఇంటి సంగతులు మాట్లాడుకొన్నారు. వర్ధినేని రోశమ్మ మొదలైన స్త్రీలు దుకాణమును మూయించినారు. 1992 నాటికి సారాయి వేలముపాటలను ఊరూర అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధమైనది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్య నిషేధము వచ్చినది, 1997లో అది సడలిపోయినది. చట్టము వచ్చినది, పోయినది. దానిని గురించి వాదించేవారు వాదించుకొనవచ్చును. నన్ను ఆలోచింపజేసేది ఆ రాత్రి బడి. పదిమంది ఆడవాళ్ళు పొద్దు కూకిన తరువాత కూర్చుండుటకు ఒక దీపము, ఒక చాప ఉన్నవి. అవి లేకపోతే వారు ఎవరి ఇంటిలో వారు ఏడ్చి పడుకొనేవారు.

దూరదేశపు మాట ఒకటి చెప్పుదును, నవ్వకండి. ఐస్‌లాండు అని ఉత్తర అట్లాంటిక్ సముద్రములో మంచు దేశము. 1998లో అక్కడ పదునైదు, పదునారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో తాగి మత్తెక్కినామని చెప్పినారు. 2016 నాటికి అది నూటికి 5కు దిగినది. అంతకు ముందు వారు కూడ మనవలెనే బడులలో ఉపన్యాసములు చెప్పి చూచినారు, ఫలము లేదు. తరువాత సాయంత్రములను పట్టుకొన్నారు. ఆటలకు, సంగీతమునకు పిల్లల ఖర్చు ప్రభుత్వము కొంత భరించినది. తలిదండ్రులు తమలో తాము ఒప్పందము చేసికొని, చీకటి పడిన తరువాత వీధులలో వంతులవారీగా నడిచినారు. మనకు వారి డబ్బు లేదు. నడచుటకు కాళ్ళు ఉన్నవి.

అందుచేత ప్రతి గ్రామ సంఘమును నేను అడిగేది కొద్దిపాటిది. వారములో ఐదు సాయంత్రములు ఆరునుండి తొమ్మిది వరకు దేవాలయపు వరండా తెరచి ఉంచండి. క్యారమ్ బోర్డు, పత్రిక, పోటీ పరీక్షల పుస్తకములు, వాలీబాలు నెట్టు ఉంటే చాలు. బైబిలు తరగతి పెట్టి మొదటి దినమే వారిని పారద్రోలకండి, అది తరువాత వచ్చును. మన సంఘమువారు కాని పిల్లలు వచ్చినా కూర్చుండనీయండి. వానికి ఒక దుకాణము, మనవానికి ఒక దుకాణము అని లేదు గదా. స్త్రీల సమాజమువారు తోటల యజమానులతో మాట్లాడి, కూలిలో కొంత భాగము వారమునకొకసారి ఇంటి ఆడవారి ఖాతాలో పడునట్లు చూడండి. దావత్ లేని పెండ్లి చేయమనను. ఇరువది ఒక్క ఏండ్లు నిండనివానికి గ్లాసు ఇవ్వమని ఊరి పెద్దలందరు, కులము ఏదైనా సరే, ఒక కాగితము మీద సంతకము చేయండి.

కట్టంగూరు వైపు సంఘపెద్ద ఒకాయన, "మాది చిన్న సంఘము, ఆ వరండాకు కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను?" అని నిన్ననే అడిగినారు. ఒక దావత్‌లో సీసాలకు అయ్యే ఖర్చును, ఒక వరండా ఏడాది బిల్లును ప్రక్కప్రక్కన వ్రాసి ఆయనకు చూపినాను. ఆయన కాగితమును చాలసేపు చూచి, "వచ్చే నెల మా ఇంటిలోనే పెండ్లి ఉన్నది, ఏమి చేయమంటారు?" అన్నారు. సీసాల ఖర్చు నాకు ఇచ్చివేయండి, బిల్లు నేనే కట్టుదునన్నాను. ఆలోచించుకొని చెప్పుదునన్నారు. ఆయన ఇప్పుడు మూడవ వరుసలో కూర్చున్నారు, భోజనముల దగ్గర మళ్ళీ అడుగుదును.